వదినగారి పదకొండు నిమిషాలు

ఉమ్మడి శిక్షణ కాగితం స్టేషన్‌కు వచ్చిన రోజున ఫైరాఫీసరు దాన్ని రెండుసార్లు మనసులో చదువుకుని, మూడోసారి పైకి చదివి, బల్ల మీద పడేశాడు. ఫైరువాళ్ళు, అంబులెన్సువాళ్ళు, పోలీసులు, నగర ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్లు మూడు రోజులపాటు ఒకేచోట చేరి, ప్రమాదం జరిగినప్పుడు కలిసి ఎలా పనిచెయ్యాలో నేర్చుకోవాలట. అంతవరకు బాగానే ఉంది. శిక్షణ ఇచ్చేది ఎవరని చూస్తే, అక్కడ తన వదినగారి పేరుంది.

వదినగారంటే భార్యకు సొంత అక్క. ఇరవయ్యారేళ్ళుగా ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టరు. సీసాల్లో నీళ్ళు పట్టి పరీక్షకు పంపడం, హోటళ్ళ వంటిళ్ళలో మూతలెత్తి చూడటం, ఈతకొలనుల్లో మందు ఎంత కలిపారో కొలవడం, మురుగు ఎటు పోతోందని అడగడం, ఇదీ ఆవిడ పని. చెల్లెలింటికి భోజనానికి వచ్చినా ముందు ఫ్రిజ్ తలుపు తీసి చూసేది.

"కేసు రాస్తారా వదినగారూ, వదిలేస్తారా?" అని అతను ఆటపట్టించేవాడు.

"ఈసారికి హెచ్చరించి వదిలేస్తున్నా మరిదిగారూ. ఆ పాలు మాత్రం మీరు తాగకండి" అనేది ఆవిడ, నవ్వకుండా.

అతనిది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎడమ చెవి కింద కాలిన మచ్చ ఒకటి ఉంది. దాన్ని దాచుకోవాలని ఏనాడూ అనుకోలేదు సరికదా, కొత్తవాళ్ళకు కనబడేలా తల కాస్త పక్కకు తిప్పి మాట్లాడేవాడు. ఎక్కడ మంట లేచినా లోపలికి మొదట వెళ్ళేది అతనే. అందుకే జట్టువాళ్ళు వెనక 'ముందడుగు' అని పిలుచుకునేవారు. ఆ సంగతి తెలిసినా తెలియనట్టే ఉండేవాడు.

"మంటలార్పేవాళ్ళకు మురుగుకాలవల పాఠాలట" అన్నాడు ఆ సాయంత్రం ఇంట్లో.

"ఇన్నేళ్ళుగా అక్కను చూస్తున్నారు. మీకెప్పుడైనా పనికిరాని మాట చెప్పిందా?" అంది భార్య.

"చెప్పింది. ఇంటికి రాగానే చేతులు కడుక్కోమంది."

"ఇవాళ కడుక్కున్నారా?"

అతను లేచి పంపు దగ్గరికి వెళ్ళాడు.

శిక్షణ పెట్టింది ఒక పాత బస్సు డిపోలో. మరమ్మతుల షెడ్డులో నేలంతా నూనె మరకలు, గోడకు టైర్ల సైజులు రాసిన పలక, ఓ మూల తుప్పుపట్టిన జాకీలు. నలభై మంది దాకా వచ్చారు. ఎవరి శాఖవాళ్ళు వాళ్ళ పక్కనే కూర్చున్నారు. మధ్యలో కుర్చీలు ఖాళీ. వదినగారు శాఖ ఇచ్చిన నీలం కోటు తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని వచ్చింది. ఉపన్యాసాలేమీ లేవు.

"ఇది రసాయనాల గోదాము అనుకోండి. లోపల బస్తా చిరిగి పొడి పడింది. పనివాళ్ళు నలుగురు పడిపోయారు. మొదలుపెట్టండి" అని విజిల్ ఊదింది.

షెడ్డు వెనక గదిలో మనిషంత బరువున్న బొమ్మలు నాలుగు పడున్నాయి. వాటి మీద, నేల మీద, పిండిలాంటి తెల్లటి పొడి చల్లి ఉంది. ఫైరాఫీసరు చెయ్యెత్తాడు. అంతే, జట్టు గాలిలా దూసుకెళ్ళింది. మొదటి బొమ్మను అతనే భుజానికెత్తుకుని తెచ్చాడు. మిగిలిన మూడూ వరసగా వచ్చాయి. బయట ఆరడుగుల నర్సు ఒకడు వాటిని అందుకుని స్ట్రెచర్ల మీదకు, అక్కణ్ణించి అంబులెన్సులోకి చేర్చాడు. ఆరు నిమిషాల్లో అంతా అయిపోయింది. పోలీసులు చప్పట్లు కొట్టారు. ఫైరాఫీసరు వదినగారి వైపు ఓరగా చూశాడు. ఆవిడ గడియారం చూసుకుని ఏదో రాసుకుంది.

"టీ తాగొద్దాం పదండి" అంది.

టీలు, బిస్కెట్లు అయ్యాయి. ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. అందరూ తిరిగొచ్చి కూర్చున్నాక ఆవిడ లేచింది.

"నలుగురిని ఆరు నిమిషాల్లో తెచ్చారు. ఇంత వేగం నేనెక్కడా చూడలేదు."

అతని చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది.

"ఇప్పుడు కిటికీలకు గుడ్డలు దించండి."

షెడ్డు చీకటయింది. ఆవిడ చేతిలో ఊదారంగు దీపం ఒకటి వెలిగింది. మామూలు వెలుతురులో కనబడనంత పలచగా అంటుకున్న పొడి ఆ దీపం కింద ఆకుపచ్చగా మెరవడం మొదలుపెట్టింది. స్ట్రెచర్ల మీద ఉంది. నర్సు ఛాతీ మీద ఉంది. అంబులెన్సు స్టీరింగ్ మీద, తలుపు పిడి మీద, చప్పట్లు కొట్టిన పోలీసుల భుజాల మీద, టీ కప్పుల అంచుల మీద, బిస్కెట్ల పళ్ళెం చుట్టూ ఉంది. చివరికి దీపం ఫైరాఫీసరు ముఖం దగ్గర ఆగింది. మీసానికి రెండు వైపులా మిణుగురులు వాలినట్టుంది.

మొదట నర్సు నవ్వాడు. తన చేతులు చూసుకుని ఆపేశాడు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఇది మొక్కలకు చల్లే విషమే అయ్యుంటే నలుగురిని కాపాడబోయి నలభై మందిని మంచం ఎక్కించేవాళ్ళం. ఆ అంబులెన్సు వెళ్ళిన ఆస్పత్రి కూడా మూసుకోవాల్సొచ్చేది" అంది వదినగారు.

అతనికి తల కొట్టేసినట్టయింది. తన జట్టు ముందు, అందులోనూ వదినగారి చేతిలో. ఇక ఆవిడ ఇన్నేళ్ళ ఆటపట్టింపులకు వడ్డీతో సహా తీర్చుకుంటుందనుకున్నాడు. ఆవిడ కిటికీలు తెరిపించింది.

"తప్పు వీళ్ళది కాదు. ఏ పొడి ఎలా అంటుకుంటుందో, ఏ గాలి ఎటు పోతుందో తెలిసినవాళ్ళం మేము. సీసాలు పట్టుకుని మా గదిలో మేం కూర్చున్నాం. వీళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మేమే. మధ్యాహ్నం మా వంతు. మాకేం చేతకాదో ఆఫీసరుగారు చూపిస్తారు" అంది.

మధ్యాహ్నం అతను ఇన్‌స్పెక్టర్లను పొగగదిలోకి తీసుకెళ్ళాడు. ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు, లోపల కన్ను పొడుచుకున్నా కనబడని పొగ. గోడకు చెయ్యి ఆనించి మోకాళ్ళ మీద పాకుతూ చుట్టూ తిరిగి రావాలి. మొదటి ఇద్దరూ సగం దూరంలోనే చేతులెత్తేశారు. మూడోది వదినగారు. యాభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి. అతను వెనకాలే పాకాడు. మలుపు దగ్గర ఆవిడ చెయ్యి గోడను వదిలేసింది. ఊపిరి గబగబా, పొట్టిగా వినబడింది. భయపడిందని అతనికి అర్థమయింది. ఆవిడను పట్టుకుందామని చెయ్యి చాచాడు. ఈలోగా ఆ ఊపిరి నెమ్మదించింది. చెయ్యి నేలను తడుముతూ పోయి గోడను మళ్ళీ దొరకబుచ్చుకుంది.

బయటికొచ్చాక మాస్కు తీసి చాలాసేపు దగ్గింది. మోకాళ్ళ దగ్గర బట్ట చిరిగిపోయింది.

"ఇక చాలు వదినగారూ" అన్నాడు. శిక్షణలో అందరి ముందూ వదినగారూ అని పిలవకూడదనుకున్నవాడు.

"మలుపు దగ్గర తప్పాను. ఇంకోసారి వెళ్తా."

వెళ్ళింది. ఈసారి గోడ వదల్లేదు. ఆవిడ బయటికి వచ్చేటప్పుడు ఫైరు జట్టంతా లేచి నిలబడి ఉంది. లెమ్మని వాళ్ళకు అతను చెప్పలేదు. ఆమె మా ఇంటి మనిషి అని అందరికీ వినబడేలా అనాలనిపించింది కానీ, ఆవిడ వీపున ఉన్న సిలిండరు దించి ఊరుకున్నాడు.

రెండో రోజంతా వాదనలే. ప్రమాదం చోట ఎవరి మాట చెల్లాలన్నదాని మీద పోలీసులకూ ఫైరువాళ్ళకూ గంటసేపు నడిచింది. ఆవిడ ఇద్దరినీ మాట్లాడనిచ్చి, చివర్న ఒక తెల్లకాగితం బల్ల మధ్యలో పెట్టింది. అక్కడికి చేరగానే అందరూ అడగాల్సిన ప్రశ్నలు అందులో రాయమంది. పడింది ఏమిటి, గాలి ఎటు, పల్లంలో ఎవరున్నారు, కడగడం ఎక్కడ, ఆ చోటు బాగా తెలిసిన మనిషి ఎవరు. ఆ చివరి ప్రశ్న రాయించింది ఫైరాఫీసరే. ఒకరి ఫోన్ నంబర్లు ఒకరు రాసుకున్నారు. అప్పటికి మధ్యలో కుర్చీలు నిండిపోయాయి.

మూడో రోజు అదే గది, అవే బొమ్మలు, అదే పొడి. ఈసారి జట్టు గాలి వాటం చూసి ఆగింది. గుమ్మం దగ్గర గీత గీసి, లోపలివాళ్ళు ఆ గీత దాటి రాకుండా, బయటివాళ్ళు దాటి పోకుండా చూశారు. బొమ్మల బట్టలు కత్తిరించి, నీళ్ళతో కడిగి, అప్పుడు నర్సుకు అందించారు. పదకొండు నిమిషాలు పట్టింది. చీకట్లో దీపం వేసి చూస్తే ఫైరాఫీసరు బూటు మడమ మీద గోరంత మచ్చ ఒకటి తప్ప ఇంకెక్కడా ఏమీ లేదు.

"ఐదు నిమిషాలు ఎక్కువ పట్టింది కదండీ" అన్నాడు నర్సు.

"మూడు రోజులూ మనం నేర్చుకున్నది ఆ ఐదు నిమిషాలే" అంది వదినగారు.

తర్వాత రెండు నెలలు ఏమీ జరగలేదు. జరగకపోవడమే మంచిదని అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. ఒకరోజు ఉదయం పదింటికి స్టేషన్‌లో గంట మోగింది. నగర ఈతకొలనులో ఏదో వాసన, పిల్లలు దగ్గుతున్నారు, కళ్ళు మండుతున్నాయంటున్నారు, అంతే కబురు.

ఇంజను బయలుదేరింది. కొలను వీధి మలుపు తిరగబోతుండగా ఫైరాఫీసరు డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడే ఆపు."

"గేటు ఇంకా ముందుంది సార్."

"తెలుసు. ఆపు."

దిగి చూశాడు. కొలను గేటు పైన జెండా తమ వైపే ఎగురుతోంది. అంటే గాలి అటు నుంచి ఇటు వస్తోంది. ఇంజనును వెనక్కి తిప్పించి, చుట్టూ తిరిగి గ్రంథాలయం ఉన్న మెరక వైపు నుంచి రప్పించాడు. ఆ దారిలోనే వదినగారికి ఫోన్ చేశాడు. రెండో మోతకే ఎత్తింది.

"కొలను దగ్గర వాసన. పసుపుపచ్చ పొగ కనబడుతోందంటున్నారు."

"మందుల లారీ వచ్చిందేమో అడగండి."

అడిగాడు. ఇంజను మెరక ఎక్కేసరికి కొలను మేనేజరు గ్రంథాలయం మెట్ల దగ్గర ఎదురుచూస్తున్నాడు. అరగంట కింద లారీ వచ్చిందన్నాడు. నేలమాళిగలో రెండు ట్యాంకులుంటాయనీ, డ్రైవరు ఒకదాంట్లో పొయ్యాల్సిన యాసిడ్‌ను, క్లోరిన్ మందు ఉన్న రెండోదాంట్లో పోశాడనీ చెప్పాడు.

"రెండు మూతలూ ఒకే రంగు" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ వినబడింది. "రంగు మార్చమని రెండుసార్లు రాశాను. అది క్లోరిన్ మరిదిగారూ. గాలికంటే బరువు, పల్లంలోకి దిగుతుంది. పిల్లల్ని మెరక మీదికి తీసుకెళ్ళండి. లోపల ఎవరైనా ఉన్నారా?"

ఉన్నాడు. కొలను కాపలా మనిషి. పంపు కట్టెయ్యడానికి కిందికి దిగినవాడు పైకి రాలేదు.

"మెట్లు దిగగానే ఎడమ పక్క ట్యాంకులు. కుడి పక్క పంపు. మధ్యలో కాలవ మీద ఇనప జల్లెడ, ఒక పలక వదులుగా ఉంటుంది, కాలు పడితే దిగబడతారు" అంది. కళ్ళ ముందున్నట్టే చెబుతోంది.

"అక్కడ గాలిని బయటికి తోసే పెద్ద ఫాను తిరుగుతోంది. ఆపించనా?"

ఆ ఫాను గాలి వెనక సందులోకి పోతుందని ఆవిడకు తెలుసు. ఆ సందులోకే పసిపిల్లల బడి వెనక కిటికీలు తెరుచుకుంటాయని కూడా తెలుసు. ఆ బడి వంటిల్లు చూసి పదిరోజులే అయింది.

"మనిషి లోపల ఉన్నాడు. ఆయన్ని బయటికి తెచ్చేదాకా ఫాను తిరగనివ్వండి. ఆ గాలి పసిపిల్లల బడి వెనక సందులోకి పోతుంది, ఆ సంగతి నాకొదిలెయ్యండి."

ఫోన్ పెట్టేసింది. బడి ఆయాకు ఆవిడే ఫోన్ చేసి, వెనక కిటికీలు మూసి, ఏసీ కట్టేసి, పిల్లల్ని లోపలి మెట్ల మీదుగా మేడమీది గదిలోకి ఎక్కించమంది. తను స్కూటరు మీద బడి ముందు వీధి నుంచి, అంటే గాలి రాని వైపు నుంచి, ఏడు నిమిషాల్లో చేరుకుంది.

ఇటు కొలను వైపు, ఈత నేర్చుకునే పిల్లలు ముప్పై ఒక్కమంది, తడిబట్టలతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గ్రంథాలయం మెట్లెక్కుతున్నారు. పోలీసులు ప్రతి మెట్టు దగ్గరా లెక్కపెడుతున్నారు. ఫైరాఫీసరు మాస్కు అందుకోబోయి ఆగాడు. కాళ్ళు లోపలికే లాగుతున్నాయి. కానీ గాలి మారితే చూడాల్సింది, వదినగారి ఫోన్ ఎత్తాల్సింది, జట్టును వెనక్కి పిలవాల్సింది తను. జట్టులో ఇద్దర్ని పిలిచి, ట్యాంకులు ఎక్కడో, వదులు పలక ఎక్కడో చెప్పి పంపాడు. వాళ్ళు మెట్లు దిగి కనబడకుండా పోయాక, బయట నిలబడటం ఎంత కష్టమో అతనికి ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తెలిసింది. కాలు కాలిన పిల్లిలా తిరగకుండా ఉండటానికి బెల్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

నాలుగు నిమిషాలకు వాళ్ళు కాపలా మనిషిని మోసుకొచ్చారు. స్పృహ ఉంది, కళ్ళు తెరవలేకపోతున్నాడు. చొక్కా, ప్యాంటు ఒలికిన మందులో తడిసి ముద్దయ్యాయి. అతని భార్య ఎప్పుడొచ్చిందో, పోలీసుల చేతుల కింద నుంచి ముందుకొచ్చి ఏడుస్తోంది.

"అంబులెన్సు అక్కడే ఉందిగా బాబూ, ఎక్కించరేం?"

ఫైరాఫీసరు చేతులు ఆ మనిషిని ఎత్తడానికి ముందుకు వచ్చాయి. నేల మీద గీసిన గీత అవతల నర్సు తల అడ్డంగా ఊపాడు. నర్సు ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు, అయినా కదల్లేదు.

"కడగండి సార్. కడిగాక నాకివ్వండి."

బట్టలు కత్తిరించారు. గొట్టంలో నీటిని సన్నగా వదిలి తల నుంచి పాదాల దాకా, కళ్ళలో, చెవుల వెనక కడిగారు. ఫైరాఫీసరు ఆ భార్య పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఆ బట్టల్లో ఉన్నదే ఆయన్ని కాలుస్తోంది. అలాగే బండెక్కిస్తే దారంతా కాలుస్తూనే ఉంటుంది. నీళ్ళు పడుతుంటే చూడు, చెయ్యి కదుపుతున్నాడు."

ఆమె చూసింది. కదుపుతున్నాడు. కడగడం అయ్యాక దుప్పటి చుట్టి నర్సుకు అందించారు. ఆమెను కూడా బండెక్కించారు. అప్పుడు అతను ఫాను ఆపమన్నాడు. ఆ వెంటనే వదినగారికి ఫోన్ కలిపాడు.

"మనిషి బయటికొచ్చాడు. ఫాను ఆగింది. మీ దగ్గరెలా ఉంది?"

అటువైపు నుంచి ముందు పాట వినిపించింది. పసిపిల్లలు గొంతెత్తి, రాగం తప్పుతూ, ఏదో అంకెల పాట పాడుతున్నారు.

"నలభై నాలుగు మంది. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కాం. ఒక్కరు కూడా దగ్గలేదు" అంది ఆవిడ. "ఒకడు మాత్రం నన్ను పాడమంటున్నాడు."

"మరి పాడకపోయారా?"

"నా పాటకంటే క్లోరిన్ నయం మరిదిగారూ."

అతను పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. జట్టువాళ్ళు చూశారు. క్లోరిన్ వల్లేమోలే అనుకున్నట్టు మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు.

మొత్తం పద్నాలుగు మందిని ఆస్పత్రికి పంపారు. కొలను పనివాళ్ళు, వీధిలోవాళ్ళు కలిపి పదముగ్గురు ఆ సాయంత్రానికే ఇళ్ళకు వెళ్ళారు, పిల్లలకు మాత్రం గ్రంథాలయం దగ్గరే కళ్ళు కడిగితే సరిపోయింది. కాపలా మనిషి ఎనిమిది రోజులుండి నడుచుకుంటూ వెళ్ళాడు. రక్షించడానికి వెళ్ళినవాళ్ళలో, మోసినవాళ్ళలో, బండి నడిపినవాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆస్పత్రి తలుపులు ఒక్క నిమిషం కూడా మూతపడలేదు.

మధ్యాహ్నానికి గాలి తేటపడింది. గ్రంథాలయం మెట్ల దగ్గర విలేకరులు చేరారు. వదినగారు స్కూటరు ఆపి ఇటు నడిచి వచ్చింది. కోటు చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి, జుట్టు రేగిపోయింది. ఒక విలేకరి ఆవిణ్ణి అడిగాడు.

"మీరేం చేశారమ్మా?"

"కిటికీలు మూయించాను" అని ఆవిడ పక్కకు తప్పుకోబోయింది.

ఫైరాఫీసరు ఆ విలేకరి భుజం మీద చెయ్యి వేసి తన వైపు తిప్పుకున్నాడు.

"రాసుకోండి. నేలమాళిగలో ఏ పలక వదులుగా ఉందో మా వాళ్ళకు చెప్పింది ఈవిడ. మా వాళ్ళ కాళ్ళు విరక్కుండా వచ్చాయంటే అందుకు. మనిషిని కడగందే బండెక్కించకూడదని మాకూ నర్సులకూ నేర్పింది ఈవిడ. లోపలి మనిషి కోసం ఫాను తిరగనిచ్చి, ఆ గాలి ఎటు పోతుందో అటు తను వెళ్ళి నిలబడింది ఈవిడ. ఆ నిర్ణయానికి ఎంత గుండె కావాలో మీకు తెలియదు, నాకు తెలుసు."

విలేకరి గబగబా రాసుకుంటూ, "ఆవిడ మీ శాఖేనా సార్?" అన్నాడు.

"కాదు. ఆరోగ్య శాఖ." అతను ఊపిరి తీసుకుని, జట్టంతా వినేలా అన్నాడు. "మా వదినగారు."

వదినగారు మెట్టు మీద కూర్చుని కోటు చేతులు పిండుకుంటోంది. అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు. మెట్ల పైనుంచి ఈత పిల్లలు ఒక్కొక్కరే, పెద్దవాళ్ళ తువ్వాళ్ళు చుట్టుకుని, తల్లుల వెంట దిగి వెళ్తున్నారు. ముప్పై ఒకటో పిల్ల దాటేదాకా ఇద్దరూ లెక్కపెడుతూ కూర్చున్నారు.